గట్టిమేళానికి పలికిన టర్కీ కోడి

మా పక్కింటి పెద్దాయనకు ఏడాదికి రెండే పండుగలు. ఒకటి క్రిస్మస్. రెండోది ఇక్కడ, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, ఏప్రిల్ మూడో వారంలో మొదలయ్యే అడవి టర్కీ కోళ్ల వేట. ఈసారి నన్నూ రమ్మన్నాడు. తుపాకి ఆయనదట, కూర్చోవడం నాదట. కూర్చోవడంలో నాకు పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవం ఉంది కదా అని సరేనన్నాను. రేపు తెల్లారకముందే లేవాలని ముందురోజు రాత్రి అమ్మకు ఫోన్‌లో చెప్పాను. ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

చలికి మెరూన్ రంగు మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరాను. పెద్దాయన టార్చి వేసి చూసి, దాన్ని నెత్తి మీంచి లాగేశాడు. వసంతంలో మగకోడి తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మెరుస్తుందట. ఆ రంగులు వేసుకుని పొదల్లో కూర్చుంటే ఇంకో వేటగాడు మనల్నే కోడి అనుకోవచ్చు. శ్రీరామనవమికి గుళ్లో కట్టించుకున్న ఎర్రదారం మీద కూడా నల్ల టేపు చుట్టేశాడు. రక్ష కట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుందని మా పూజారిగారికి చెబితే నమ్ముతారా?

ఆకులూ కొమ్మలూ అచ్చేసిన తన పాత జాకెట్ ఇచ్చాడు. దానికి తొమ్మిది జేబులు. ఫోన్ ఏదో ఒకదాంట్లో పడేశాను.

దారంతా పాత కథలే. 1960లో ఇక్కడ వేట మళ్లీ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రం మొత్తం మీద దొరికింది 94 కోళ్లేనట. మన తాతలు కరువు రోజుల గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

ఓజార్క్ కొండల్లో ఒక పెద్ద ఓక్ చెట్టుకు వీపు ఆనించి, ముఖాలకు వలలు కట్టుకుని కూర్చున్నాం. ముందర ఎరగా ఒక ప్లాస్టిక్ పెట్టకోడి. కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ కోడి చూపు అంత చురుకట. సరిగ్గా అప్పుడే ఒక పిడుదు నా పాంటు మీద, అద్దెకు ఇల్లు చూసుకుంటున్నవాడిలా తీరిగ్గా పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

పెద్దాయన గుడ్లగూబలా కూశాడు. జవాబు లేదు. తర్వాత ఒక చెక్కడబ్బా తీసి, దాని మూత పక్కకి రాశాడు. నూనె లేని బావి గిలకలా కీచుమంది. అది పెట్ట పిలుపట. దానికీ జవాబు లేదు.

అప్పుడు మోగింది గట్టిమేళం. డోలు, సన్నాయి, మాంగల్యధారణ స్థాయిలో. అది అమ్మకి పెట్టుకున్న రింగ్‌టోన్. ఇండియాలో అప్పుడు సాయంత్రం నాలుగుంపావు. టీ తాగుతూ, 'వీడు లేచే ఉంటాడుగా' అనుకుని చేసింది. మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక్క గీత కూడా రాని సిగ్నల్, ఆ అడవిలో నిండుగా ఉంది!

మూడో జేబు, ఐదో జేబు... ఎక్కడా లేదు. ఇంతలో ఎదుటి కొండ మీంచి "గళగళగళగళ!"

మేళం ఆగింది. అమ్మ ఎప్పుడూ ఒక్కసారి చేసి ఊరుకోదు. రెండోసారి మోగింది. కోడి రెండోసారీ పలికింది. ఈ కాలంలో మగకోడి ఉరుముకీ, కారు తలుపు చప్పుడుకీ కూడా ఉలిక్కిపడి అలా కూస్తుందని తర్వాత తెలిసింది. పెద్దాయన ముఖంలో ఏముందో వల వల్ల కనబడలేదు. "ఆపు. ఇక్కడ రికార్డు కూతలు పెట్టి టర్కీలను పిలవడం నేరం" అన్నాడు పళ్ల మధ్య నుంచి. గట్టిమేళం కోడికూత కిందికి వస్తుందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఏడో జేబులో దొరికిన ఫోన్ ఆపేశాను.

ఎక్కడుందో తెలిసింది కాబట్టి చెక్కడబ్బా మళ్లీ పనిలోకి దిగింది. మామూలుగా పెట్టే మగకోడి దగ్గరికి వెళ్లాలట. అందుకే అయ్యగారు కొండ మీదే ఈకలు విప్పుకుని నిలబడ్డాడు, విడిదింటి నుంచి కదలని మగపెళ్లివారిలా. నలభై నిమిషాలు బతిమాలాక దిగివచ్చాడు. రొమ్ము మీంచి గడ్డంలా ఈకల కుచ్చు వేలాడుతోంది, అంటే కొట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముప్ఫై అడుగుల దూరంలో తుపాకి పేలింది.

ఆనందంతో లేచాను. నేను లేచాను కానీ తిమ్మిరెక్కిన ఎడమకాలు లేవలేదు. వెళ్లి ప్లాస్టిక్ పెట్ట మీద పడ్డాను. ఆ ఉదయం రెండో దెబ్బ దానికే తగిలింది.

వేటాడిన కోడి లెక్క ఆ రాత్రి పదిలోపు ప్రభుత్వానికి చెప్పాలి. పెద్దాయన, బుద్ధిమంతుడు, తన ఫోన్ బండిలోనే వదిలేసి వచ్చాడు. "ఏదీ, నీది ఇటివ్వు" అన్నాడు, అంతసేపూ దాన్ని తిట్టినవాడే.

నా వాటాకి రెండు కాళ్లు వచ్చాయి. నిండా గట్టి నరాలు. కుక్కర్ ఎనిమిది విజిల్స్ వేసినా లొంగలేదు. మధ్యలో అమ్మ మళ్లీ ఫోన్ చేసింది, పొద్దున ఎందుకు ఎత్తలేదని. జరిగిందంతా చెప్పాను.

"పెళ్లిమేళం వినిపించి చంపారట్రా, పాపం!" అంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"ఇగురు పెడుతున్నావా, పులుసా?"