సంతకం పెట్టించుకుంటే రాజీ అయిపోదు

పక్కింటి గొడవ కోర్టుకెక్కకూడదంటే మేమూ ఒప్పుకుంటాం. బెంగళూరులో పార్కింగ్ కోసమో, పైఅంతస్తు బాత్‌రూం నుంచి కారే నీళ్ళ కోసమో, అర్ధరాత్రి పాటల హోరు కోసమో సివిల్ కోర్టుకు వెళ్తే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు. ఏళ్ళ తరబడి వాయిదాలు తిరిగాక కూడా పొద్దున లేస్తే అదే లిఫ్టులో అదే ముఖం చూడాలి. ఇంతవరకూ పేచీ లేదు.

కానీ "ఏ గొడవైనా మన కమిటీలోనే తేల్చుకుంటాం, కోర్టుకు వెళ్ళం" అని అపార్ట్‌మెంటు అసోసియేషన్లు ఫ్లాటులో దిగేముందే అద్దెకొచ్చేవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని, దానికి మధ్యవర్తిత్వం అని పేరు పెడితే ఊరుకోలేం. కోర్టు తలుపు పూర్తిగా మూసేసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది.

సమ్మతి అనే మాటకు అర్థం తెలిసే ఈ పని చేస్తున్నారా? మారతహళ్ళిలోనో, కృష్ణరాజపురంలోనో ఊరుకాని ఊరొచ్చిన తెలుగు కుటుంబాన్ని ఊహించండి. నెలల అద్దెకు సమానమైన అడ్వాన్సు ఓనరు దగ్గర ఉంది. నీళ్ళ ట్యాంకరు, గేటు, లిఫ్టు అసోసియేషన్ చేతిలో ఉన్నాయి. గొడవ ఆ ఓనరుతోనే, లేదా ఆ అసోసియేషన్‌తోనే. పంచాయితీకి పెద్దమనిషిగా కూర్చునేది అదే అసోసియేషన్ కార్యదర్శి. "సరే" అనక ఆ ఇల్లాలు ఏం చేస్తుంది? అది సమ్మతి కాదు, భయం.

2023 మధ్యవర్తిత్వ చట్టం ఇలా చెప్పలేదు. ఇరుగుపొరుగు తగాదాల గురించి 43వ సెక్షన్‌లో ఉన్న మొదటి షరతే ఇరుపక్షాల ముందస్తు సమ్మతి. దరఖాస్తు వెళ్ళాల్సింది ఆ ప్రాంతపు న్యాయసేవాధికార సంస్థకు (ఉచిత న్యాయసహాయం అందించే ప్రభుత్వ సంస్థ), ముగ్గురు మధ్యవర్తులను వేయాల్సింది ఆ సంస్థే. అసోసియేషన్ నోటీసు బోర్డు కాదు. ఆ ముగ్గురిలో నివాసుల సంఘం ప్రతినిధికి చోటుండవచ్చని కూడా చట్టంలో ఉంది. మా భయమంతా అక్కడే. తగాదాలో పక్షమైనవాడే మధ్యవర్తి అయితే సమ్మతికి విలువేముంది?

44వ సెక్షన్ ప్రకారం ఇలా కుదిరిన రాజీ కోర్టు డిక్రీలా అమలు కాదు. అంటే బలమున్నవాడు రేపు మాట తప్పినా ఆ కాగితాన్ని కోర్టు తీర్పులా నేరుగా అమలు చేయించే దారి లేదు. బలం లేనివాడు మాత్రం భయానికి ఆ కాగితానికి కట్టుబడే ఉంటాడు. పైగా 2023 అక్టోబరు 9న కేంద్రం అమల్లోకి తెచ్చిన సెక్షన్ల జాబితాలో ఈ రెండూ లేవు. చట్టాన్ని చేసి కీలకమైన భాగాన్ని పక్కన పెడితే ఆ ఖాళీలోకి ఎవరు వస్తారు? పేటలో నోరున్నవాళ్ళే కదా!

ఈ నగరానికి మధ్యవర్తిత్వం కొత్త కాదు. హైకోర్టు నీడలో బెంగళూరు మధ్యవర్తిత్వ కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. అక్కడ మధ్యవర్తి తీర్పు చెప్పడు, ఇష్టం లేకపోతే ఏ పక్షమైనా లేచి వెళ్ళిపోవచ్చు. లేచి వెళ్ళే హక్కు లేని చోట జరిగేది పంచాయితీ. అందులో ఎవరి చెయ్యి పైన ఉంటుందో రచ్చబండ చూసినవాళ్ళకు మేం చెప్పాలా?

కాబట్టి అసోసియేషన్ల పెద్దలారా, ముందు ఆ సంతకాల కాగితాలు చింపేయండి. మీ కాంప్లెక్సు గొడవలో మీరు మధ్యవర్తులుగా కూర్చోకండి. కర్ణాటక న్యాయసేవాధికార సంస్థ వార్డువారీగా బయటి మధ్యవర్తుల జాబితా పెట్టాలి, అందులో ఆడవాళ్ళు, అద్దెకుండేవాళ్ళు ఉండాలి, తెలుగు, తమిళం తెలిసినవాళ్ళు కూడా ఉండాలి. అది జరిగేదాకా బెదిరి సంతకం పెట్టినవాళ్ళు న్యాయసేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి న్యాయసహాయం అడగండి. మీరు పెట్టిన సంతకం మీ హక్కును తీసేయలేదు.