అప్రస్తుత ప్రసంగి గారికి ఒక శాలువా

మార్చి 8న మా ఆయన ఆఫీసులో మహిళా దినోత్సవం చేశారు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, "ఆడవాళ్లు ఒకేసారి పది పనులు చేయగలరు, మగవాడికి దేవుడు ఆ మెదడు ఇవ్వలేదు" అని వాపోయారట. ఆ మాటను మా ఆయన భద్రంగా ఇంటికి మోసుకొచ్చి, సోఫాలో కూర్చుని నాకు వినిపించారు. నేను చీపురుతో ఆయన ముందే ఉన్నాను. మాట పూర్తయ్యేదాకా కాళ్లు పైకెత్తలేదు. పాపం, ఒకేసారి రెండు పనులు కదా.

శాస్త్రాన్ని కాదనడానికి నేనెవరిని? 2013లో బ్రిటన్‌లో చేసిన ఒక పరిశోధనలో పనులు మార్చి మార్చి చేయడంలో ఆడవాళ్లు కాస్త మెరుగని తేలింది. మా ఆయన ఫోనుకు అదొక్కటే వచ్చింది. 2019లో జర్మనీలోని ఆహెన్‌లో 48 మంది ఆడవాళ్ల చేత, 48 మంది మగవాళ్ల చేత అక్షరాలు, అంకెలు వేరు చేయిస్తే, రెండు పనులు కలిసేసరికి అందరూ ఒకేలా నెమ్మదించారు, ఒకేలా తప్పులు చేశారు. అది మాత్రం ఇంకా ఫార్వర్డ్ కాలేదు.

అయినా మగవాడికి ఆ మెదడు లేదనడానికి కడపలో నోరెలా వస్తుంది? దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన, అంటే చుట్టూ కూర్చున్నవాళ్లు అడిగేవాటికన్నిటికీ ఒకే సభలో పద్యాలల్లి జవాబిచ్చిన ప్రొద్దుటూరు మన జిల్లాలోదే. శాలువా కప్పే సభ అయితే మగ మెదడు దివ్యంగా పనిచేస్తుంది.

మా ఇంట్లోనూ పొద్దున ఏడింటికి అవధాన సభ మొదలవుతుంది. ఈ అక్షరం వద్దంటూ అడుగడుగునా అడ్డుపడే నిషిద్ధాక్షరి మా అత్తమ్మది: నేను చేయి పెట్టిన ప్రతి డబ్బాకూ "అది వద్దు" అంటుంది. ఇచ్చిన పదాలతోనే పద్యం అల్లాల్సిన దత్తపది ఫ్రిజ్‌లో ఉంటుంది: అర బీరకాయ, రెండు టమోటాలు, వాడిన కొత్తిమీర, నిన్నటి అన్నం. చిక్కు పాదమిచ్చి పద్యం పూరించమనే సమస్య మా పాపది: "అమ్మా, చార్టు ఈ రోజే తీసుకుపోవాల!" మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టే ఘంటాగణనానికి కుక్కర్ ఉంది. లెక్క తప్పితే పప్పు మాడుతుంది.

ఇక సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస చెదరగొట్టే అప్రస్తుత ప్రసంగి. ఆ పీఠం మా ఆయనకు వంశపారంపర్యంగా వచ్చింది. నేను రెండు చేతులా తెడ్డు పట్టి సంగటి కెలుకుతుంటాను. చేయి ఆపితే ఉండలు కడుతుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడి, "ఏమే, నా ఫోను యాడుందో, ఒకసారి రింగ్ ఇయ్యి" అంటారు. నా ఫోను ఆయన మోచేతి పక్కనే చార్జింగ్‌లో ఉంటుంది. అప్రస్తుత ప్రసంగానికి అవధాని చమత్కారంగా జవాబివ్వాలట. చేతిలో తెడ్డు ఉన్నప్పుడు ఆ నియమం పాటించడం అంత క్షేమం కాదు.

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, చేసే మగవాళ్లు 88. 'చేసే' అన్న మాటను కాస్త గమనించండి. ఆ 88 ఎవరింట్లో జరుగుతున్నాయో ఏడు రోడ్ల కూడలిలో నిలబడి అడగాలని ఉంది.

మా అమ్మ ఎడమ ముంజేతి మీద జానెడు మచ్చ ఉంది. నన్ను చంకనేసుకుని బజ్జీలు వేస్తుంటే నూనె చిందింది. ఇంట్లో ఐదుగురు మగవాళ్లున్నారు. బజ్జీలు వాళ్లకే. బిడ్డను ఒక్కడూ అందుకోలేదు. "ఎంత ఓర్పమ్మా, బిడ్డ మీద చుక్క పడనీయలేదు" అని మెచ్చుకుని, వాయి చల్లారకముందే తిన్నారు. దానికి ఇప్పుడు మల్టీటాస్కింగ్ అని పేరు పెట్టి మైకులో పొగుడుతున్నారు. సిగ్గుండాలి. రెండో చేయి ఎవడూ ఇవ్వక కాలిన చెయ్యది. మీ శాలువాలు మీరే కప్పుకోండి.

ఇది రాస్తూ పప్పు పెట్టాను. మా ఆయన స్టవ్‌కు మూడడుగుల దూరంలో పేపర్ చదువుతున్నారు. "ఎన్ని విజిల్స్ వచ్చాయండీ?" అని అడిగాను.

తలెత్తారు. "ఏ విజిల్?"