వాడెవిల్‌ను టాకీ ఒక్క దెబ్బకు చంపలేదు

"వాడెవిల్ అంటే తాగుబోతుల బూతు ఆట. ఎవరికి తోచింది వాళ్ళు చేసేవారు. 1927లో టాకీ రాగానే మూతపడింది." వాడెవిల్ అంటే పాట, గారడీ, హాస్యం లాంటి విడివిడి ఐటమ్‌లను ఒకే ఆటలో వరసగా చూపిన అమెరికా రంగస్థల వినోదం. దాని గురించి తెగ షేర్ అవుతున్న ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిలవదు.

దానికి ముందున్న సారాకొట్ల వెరైటీ ఆటల్లో బూతు ఉన్నమాట నిజం. వాడెవిల్ ఎదిగిందే దాన్ని వదిలించుకుని. 1881లో టోనీ పాస్టర్ అనే హాలు యజమాని న్యూయార్క్ ఫోర్టీన్త్ స్ట్రీట్ హాల్లో బూతు ఆపి, ఆడవాళ్ళను రప్పించడానికి కానుకలు పంచాడు. బోస్టన్‌లో కీత్ అనే మరో యజమాని తన హాళ్ళలో తిట్లను నిషేధించాడు. కొత్త ఐటమ్‌లు మొదలయ్యే సోమవారం మొదటి ఆట చూసి మేనేజరు అభ్యంతరకరమైన మాటలు కోసేసేవాడు. అయితే ఆ శుభ్రత అక్కడితో సరి. మొహానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించే ఐటమ్‌లు అవే వేదికల మీద నడిచాయి. అది మరిచిపోకూడదు.

"ఎవరికి తోచింది వాళ్ళు" అన్నది మరీ అన్యాయం. పెద్ద హాళ్ళలో సాధారణంగా ఎనిమిదో తొమ్మిదో ఐటమ్‌లు ఉండేవి, వాటి వరస వెనక పెద్ద లెక్కే ఉండేది. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటారు గనుక మొదట మాటలతో పనిలేని గారడీ, సాము, జంతువుల ఆట. తర్వాత తెర ముందున్న ఇరుకు జాగాలో ఓ జంట పాట, తెర వెనక సెట్ మార్చుకోవడానికి వీలుగా. ఆపైన చిన్న నాటిక. విరామానికి ముందు గట్టి ఐటమ్. అసలు స్టార్ చివరి నుంచి రెండోవాడు. ఆఖర్న జనం లేచిపోతున్నా సాగే ఫీట్లు. స్టేజీ మొత్తం కావలసిన ఐటమ్‌లు రెండు పక్కపక్కన పడ్డాయా, సెట్ మారేదాకా ఆట ఆగాల్సిందే. అందుకే సోమవారం ఆట అయ్యాక వరస మార్చేవారు.

ఇక టాకీ. 1896లోనే ఫ్రాన్సు లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు కీత్ యూనియన్ స్క్వేర్ హాల్లో వాడెవిల్ మధ్య ఆడాయి. సినిమా మొదట దాని ఐటమే. 1926లో వైటాఫోన్ అనే శబ్దచిత్ర పద్ధతి వాడెవిల్ కళాకారులను కూడా చిత్రించింది. మరోవైపు రేడియో హాస్యాన్ని ఇంటికే తెచ్చింది. 1928లో కీత్-ఆల్బీ-ఆర్ఫియం అనే వాడెవిల్ హాళ్ళ గొలుసు ఆర్‌కేఓ అనే సినిమా కంపెనీలో కలిసిపోయి, యజమానులే హాళ్ళను సినిమాకు మళ్ళించారు. రీలుకు వారం వారం కళాకారుల జీతాలు అక్కర్లేదు. 1929 ఆర్థిక పతనం మిగిలిన ఊపిరి తీసింది. అయినా న్యూయార్క్ ప్యాలెస్ హాల్లో రోజుకు రెండాటల వాడెవిల్ 1932 దాకా నడిచింది.