చుట్టాలకి డబ్బా మాంసమా?

(లండన్, ఈస్ట్ హామ్. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక, తర్వాత భోజనాలు. సరుకుల లిస్టులో వదిన సుగుణ ‘కార్న్డ్ బీఫ్, ఆరు డబ్బాలు’ అని రాసింది, అంటే ఉప్పు పట్టించి డబ్బాకెత్తిన గొడ్డుమాంసం. ఆడపడుచు కరుణ ఆ లైను కొట్టేసింది. సుగుణ ఇక్కడ చాలా ఏళ్ళుగా నర్సు. కరుణ తెనాలి నుంచి చదువుకోడానికి వచ్చింది.)

కరుణ: పిలిచి భోజనం పెడుతూ డబ్బా మాంసం పెడతామా వదినా? వీధి చివరే మాంసం కొట్టు ఉంది. ఎముక లేని పెద్దకూర ఏది అడిగితే అది ముక్కలు కొట్టి ఇస్తాడు. అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్లో పెడితే నాలుగు విజిల్స్ ఎక్కువ పడతాయి, అంతేగా.

సుగుణ: ఆ కూర ఎలాగూ ఉంది, దాన్ని ఎవరు తీసేశారు? నువ్వు కొట్టేసింది నంజుకునేదాన్ని. పప్పుచారులోకి ఏం పెడతావ్, అప్పడాలా?

కరుణ: ఎండు తునకలుంటే పెట్టేదాన్ని. అవి ఇక్కడ దొరకవుగా.

సుగుణ: అదిగో, నోటంట నువ్వే అన్నావ్. తునకలంటే ఏంటి? ఒక్కరోజులో తినలేనంత కూర వచ్చినప్పుడు సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తారు. కాకులు తన్నుకుపోకుండా పిల్లల్ని కాపలా పెడతారు. కార్న్డ్ బీఫ్ చేసిన ఐర్లాండులో ఆ ఎండ ఎక్కడుంది? వాళ్ళు ఉప్పులో ఊరేసి పీపాలకెత్తారు. 17, 18 శతాబ్దాల్లో కార్క్ రేవు నుంచి ఆ పీపాలు బ్రిటిష్ నౌకాదళానికీ, వెస్టిండీస్ చెరకు తోటలకీ పోయేవి. డబ్బా తర్వాత వచ్చింది. పని మాత్రం అదే.

కరుణ: చెరకు తోటల్లో బానిసలకి, ఓడల్లో నావికులకి. అంటే వద్దనే అవకాశం లేనివాళ్ళకి. పశువుల్ని మేపిన ఐర్లాండు పేదలేమో బంగాళాదుంపలు తిని బతికారు. ఇంత గొప్ప చరిత్ర ఉన్నదాన్ని తీసుకొచ్చి పాస్టరు గారి కంచంలో వేస్తానంటావ్.

సుగుణ: మన తునకలు మాత్రం జమీందార్లు తిన్నారా?

(కరుణ ఒక్క క్షణం ఆగింది.)

కరుణ: అది వేరు. తునకలు మా నాయనమ్మ చేత్తో కోసింది. దీన్ని ఎవడు చేశాడో, దేంతో చేశాడో! ఉరుగ్వేలో ఫ్రే బెంటోస్ అని ఒక ఊరు ఉంది, చదివాను. 1860ల్లో లీబిగ్ కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. మాంసం సారం తీసి సీసాల్లో అమ్ముకోవడం వాళ్ళ అసలు వ్యాపారం. 1873 నుంచి కార్న్డ్ బీఫ్ డబ్బాలు మొదలుపెట్టారు. మాంసం ఉడికించిన నీళ్ళు మరిగిస్తే ఒక సరుకు, ఉడికిన మాంసం డబ్బాకెత్తితే ఇంకో సరుకు. రసం ఒకడికి, పిప్పి ఇంకొకడికి.

సుగుణ: పిప్పి అనకు. వంద గ్రాముల్లో పాతిక గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు మన షాపుల్లో ఉన్నదాంట్లో ఎక్కువ బ్రెజిల్‌ది. ఏముందో లేబుల్ మీద చదువుకో: గొడ్డుమాంసం, ఉప్పు, పంచదార, సోడియం నైట్రైట్. ఇంతే ఉంటే తీసుకుంటా. పిండి, సోయా అని ఇంకో రెండు ముక్కలు కనిపిస్తే అక్కడే పెట్టేస్తా. మూత ఉబ్బినా, అంచు కుట్టు దగ్గర సొట్ట పడినా సగం ధరకిచ్చినా ముట్టుకోను.

కరుణ: అంచు బాగున్నంత మాత్రాన అయిపోయిందా? 1964లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఏమైందో నర్సువి నీకు నేను చెప్పాలా? అర్జెంటీనా డబ్బాని శుద్ధి చెయ్యని నది నీళ్ళలో చల్లార్చారు. కంటికి కనిపించని సందులోంచి టైఫాయిడ్ క్రిములు లోపలికి పోయాయి. షాపులో దాన్ని కోసిన మిషన్ మీదే మిగతా మాంసాలూ కోశారు. నాలుగొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

సుగుణ: నిజమే. మాకు పాఠంలా చెప్తారు అది. అందుకే ఆ తర్వాత చల్లార్చే నీళ్ళ మీద అంత పట్టుదల. కానీ నువ్వు చెప్పినదాంట్లో సగం తప్పు కోసే మిషన్‌ది. అది డబ్బాకే కాదు, మన ఇంట్లో కత్తికీ చెక్కకీ వర్తిస్తుంది. నువ్వు పచ్చి కోడి కోసిన చెక్క మీదే కొత్తిమీర తరగడం నేను చూశాన్లే.

కరుణ: టాపిక్ మార్చకు. నైట్రైట్ సంగతి చెప్పు. ప్రాసెస్ చేసిన మాంసం పేగు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందట.

సుగుణ: ఆ ‘రోజూ’ అన్న మాట దాటెయ్యకు. నేను కాదనడం లేదు. నైట్రైట్ లేకపోతే ఆ గులాబీ రంగూ రాదు, బాట్యులిజం అనే ప్రాణాంతక విషదోషం భయమూ ఎక్కువే. మేలూ కీడూ రెండూ అందులోనే ఉన్నాయి. పిల్లల లంచ్ బాక్సులో వారం వారం పెట్టే తల్లుల్ని నేనే ఆపుతా. వంద గ్రాములకి ఉప్పే రెండు గ్రాముల చుట్టూ ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి ఇక్కడ చెప్పేది ఆరు గ్రాములు. అందుకే ఇది కూర కాదంటున్నా. కూరలా గిన్నెడు వడ్డిస్తే నువ్వన్నదంతా రైటే.

కరుణ: మరి న్యూయార్క్‌లో మా ఫ్రెండు గిన్నెడేం ఖర్మ, పళ్ళెం నిండా తిన్నానంది. దట్టమైన ముక్కలు, రై బ్రెడ్డులో.

సుగుణ: అది డబ్బాది కాదు. రొమ్ము మాంసాన్ని ఉప్పునీళ్ళలో రోజుల తరబడి ఊరేసి ఉడికించేది. అక్కడి ఐరిష్ వాళ్ళు యూదుల కొట్లలో కొనడం అలవాటై సెయింట్ పాట్రిక్ పండక్కి అదే తింటారు. పేరు ఒకటే గానీ డబ్బాతో దానికి పోలిక పెట్టకు, రెండిటికీ అన్యాయం.

కరుణ: సరే, నీ డబ్బా ఇంట్లో ఒకటుందిగా. తియ్యి. రుచి చూసే తిడతా.

(అలమారలోంచి 340 గ్రాముల డబ్బా వచ్చింది. ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. పక్కకి అంటించి ఉన్న చిన్న తాళంచెవిని ఊడదీసి, పైకి లేచిన రేకు నాలుకని దాని కన్నంలో దూర్చి సుగుణ చుట్టూ తిప్పింది. రేకు సన్నటి రిబ్బన్‌లా చుట్టుకుంది. మూడు వంతులు వచ్చాక వంకరగా తెగింది.)

కరుణ: ఇదే నేను చెప్పేది! చెయ్యి కోసుకుంటావ్ వదినా.

సుగుణ: నెమ్మదిగా, ఒకే తీరున తిప్పాలి. ఈ ఆకారం ఊరికే పెట్టలేదు. 1875లో చికాగోలో పేటెంటు తీసుకున్నారు. వెడల్పు వైపు తెరిస్తే అచ్చు మొత్తం విరక్కుండా జారుతుంది. చూడు.

(డబ్బాని తట్టింది. జారలేదు. ఇంకోసారి గట్టిగా తట్టింది. సగం ముద్ద పళ్ళెంలో పడింది, సగం లోపలే ఉంది. కరుణ చెంచాతో కొంచెం తీసుకుంది.)

కరుణ: అబ్బే. పీచుపీచుగా ఉంది, మధ్యలో కొవ్వు పూసలు నాలిక్కి అతుక్కుంటున్నాయి. ముందు ఉప్పు, తర్వాత ఉప్పు, చివర్లో ఏదో తీపి. కుక్కలకి పెట్టే డబ్బా వాసన వస్తోంది.

సుగుణ: వెచ్చటి అలమారలోది తింటే నాకూ అలాగే ఉంటుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు గట్టిపడి ముక్క నీట్‌గా తెగుతుంది, ఈ వాసనా తగ్గుతుంది. పల్చగా కోసి ఆవాల సాస్ రాసి బ్రెడ్డులో పెట్టుకుంటారు ఇక్కడివాళ్ళు. యుద్ధకాలంలో రేషన్ మాంసంలో కొంత ఇదే వచ్చేది. మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954లో. మా వార్డులో ముసలివాళ్ళు దీని పేరెత్తితే సగంమంది మొహం చిట్లిస్తారు, సగంమంది అడిగి మరీ తింటారు. మనకి ఆ బ్రెడ్డు సంగతి వద్దు. పొయ్యి మీద చూపిస్తా, ఉండు.

(ఉడికిన బంగాళాదుంపల్ని చిన్న ముక్కలు చేసింది. నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు. దుంపలు ఎర్రబడ్డాక మాంసం ముద్దని చేత్తో విరిచి వేసి, గరిటెతో ఒత్తి వదిలేసింది.)

కరుణ: కలపవా?

సుగుణ: కలిపితే గుజ్జవుతుంది. కొవ్వు దానంతటదే కరిగి అడుగున కరకరలాడే పొర కడుతుంది. అప్పుడు ఒక్కసారి తిరగెయ్యాలి. ఉప్పు వెయ్యకూడదు, గరం మసాలా అసలే వద్దు. దించాక నిమ్మకాయ. మన కింది అంతస్తులో ఉండే బంగ్లాదేశ్ సిల్హెట్ ఆవిడ దుంప వెయ్యదు, ఉల్లిపాయలు రెట్టింపు వేసి నాగా మిర్చి తగిలిస్తుంది. ఫిజీలో అయితే చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో ఉడికిస్తారు. 1903 తర్వాత మద్రాసు ఓడల్లో గిర్మిట్‌కి, అంటే కూలి ఒప్పందం మీద, వెళ్ళిన మన తెలుగువాళ్ళ ఊళ్ళేగా అవి. గొడ్డుమాంసం తిననివాళ్ళకి అక్కడ మటన్ డబ్బా కూడా దొరుకుతుంది.

(కరుణ పెనం అంచున ఎర్రగా వేగినచోట గోకి నోట్లో వేసుకుంది. మళ్ళీ గోకింది.)

కరుణ: ఇది... మరీ అంత ఘోరంగా లేదు. మాడినచోట మాత్రం బాగుంది. తునకలతో మాత్రం పోల్చకు.

సుగుణ: పోల్చింది ఉప్పుని, రుచిని కాదు.

కరుణ: ఇంకో సంగతి. నీ హాస్పిటల్ ఫ్రెండ్స్‌లో పెద్దకూర తిననివాళ్ళు నలుగురైదుగురు వస్తారు. దుంప వేపుడనుకుని వడ్డించుకున్నారంటే మన మొహం ఎక్కడ పెట్టుకుంటాం? మామూలు కూరైతే చూడగానే తెలుస్తుంది. ఇందులో ముక్కే కనపడదు.

సుగుణ: ఇది మాత్రం నాకు తట్టలేదు సుమా. వేరే బల్ల మీద పెడదాం. గరిటె వేరు, పేరు రాసిన చీటీ. వడ్డించేది నువ్వే, అడిగినవాళ్ళకే.

కరుణ: అమ్మ కూడా ఫోన్‌లో ఒక డబ్బా తెమ్మంది, అదేంటో చూస్తుందట.

సుగుణ: కుదరదని చెప్పు. ఇండియాలోకి గొడ్డుమాంసం ఏ రూపంలోనూ దిగుమతి చెయ్యనివ్వరు. సరే, ఇప్పుడా లైను మళ్ళీ రాయి. ఆరు డబ్బాలు.

కరుణ: మూడు.

సుగుణ: నంజుకోడానికైనా అందరికీ అందొద్దూ? ఐదు.

కరుణ: నాలుగు వదినా. పాస్టరు గారికి బీపీ.