అన్నానికి మైనారిటీ తీరేదెన్నడు?

మా అక్క కూతురు మైక్రోబయాలజీ మేజర్‌కు తోడుగా న్యూట్రిషన్ మైనర్ తీసుకుందని తెలిసిన రోజు ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. మా పెద్దమామకు తెలిసిన మైనర్ మెడలో వేసుకునే గొలుసు ఒక్కటే. "అన్నం తినేది నేర్చుకునేదానికి కాలేజీకి ఫీజు కట్టాల్నా అమ్మణ్ణీ?" అని ఆయన అడిగాడు. 2023-24 నుంచి మన ఆంధ్ర డిగ్రీల్లో ఒక మేజర్, అంటే అసలు సబ్జెక్టు, దాని చంకలో ఒక మైనర్, అంటే తోడు సబ్జెక్టు అనే పద్ధతి వచ్చింది కాబట్టి ఏదో ఒకటి తీసుకోక తప్పదు, సరే. పోయి పోయి తిండిని తీసుకోవడమేంటి?

నేనూ ఈ చదువును తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. తిరుపతికి అసలు దీని అవసరమే లేదు. నమ్మకపోతే తెల్లవారి ఐదున్నరకు ఎస్వీ యూనివర్సిటీలో వాకింగ్‌కు రండి. మొదటి రౌండ్‌లో ఒకాయన కాకరకాయ రసంతో షుగర్ దించేస్తాడు. రెండో రౌండ్‌లో ఇంకొకాయన మెంతుల నీళ్లతో బీపీ, గ్యాసు, మోకాళ్లు మూడూ ఒకే దెబ్బకు నయం చేస్తాడు. మూడో రౌండ్ బయట టిఫిన్ బండి దగ్గర, నాలుగు వడలతో ముగుస్తుంది. రిజిస్టర్డ్ డైటీషియన్ అనిపించుకోవాలంటే పీజీ స్థాయి చదువు, ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక పరీక్ష ఉన్నాయట. ఒట్టి మైనర్‌తో ఆ పేరు పెట్టుకోకూడదని మా పిల్లే చెబుతోంది. ఇంత మొహమాటమున్నవాళ్లు ఈ ఊళ్లో ఎలా బతుకుతారు?

పైగా ఈ మైనర్ పట్టుకుని ఒకరు ల్యాబుకు, ఒకరు ఆస్పత్రి మేనేజ్‌మెంట్‌కు, ఒకరు ప్రజారోగ్యంలోకి పోతారట. తిండి గురించి తెలిసినవాళ్లు ఆస్పత్రిలో అడుగుపెడితే ఉన్న వ్యవస్థ ఏం గాను? మామకు షుగర్ చూపించడానికి వెళ్లినప్పుడు ఆ వ్యవస్థను కళ్లారా చూశాను. గంటన్నర కూర్చోబెట్టి, రెండు నిమిషాలు చూసి, చీటీ మీద నాలుగు మాత్రలు రాసి, మేం కుర్చీల్లోంచి లేస్తుంటే డాక్టరుగారు "డైట్ కంట్రోల్ చేయండి" అన్నారు. ఏది, ఎంత, ఎప్పుడు అన్నవి మా ఊహకు వదిలేశారు. మామ ఊహ చాలా గొప్పది. రాగి షుగర్‌కు మంచిదని ఎక్కడో విన్నాడు. ఆ రాత్రి నుంచే ఒక సంగటి ముద్ద కాస్తా రెండైంది. రెంటికీ నడిమధ్య గుంట చేసి, నాటుకోడి పులుసు అంచుల దాకా పోసుకుని మరీ కంట్రోల్ చేశాడు.

పిల్ల ఊరుకుంటుందా? "రాగిలో పాలకన్నా మూడింతల కాల్షియం ఉంది తాతా, కాదనను. కానీ దాంట్లో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పైగా సంగట్లో బియ్యం కూడా వేస్తాం గదా" అంది. మామ ముఖం చూడాలి. మందు చీటీ చింపేసినట్టు బాధపడ్డాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక టీస్పూను ఉప్పు చిన్న గిన్నెలో పోసి, "మనిషికి రోజుకు ఐదు గ్రాములు, ఇంతే" అని పొయ్యి గట్టు మీద పెట్టింది. మా అవ్వ ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా ఊరుబిండి పచ్చడికే చాలదు గదే" అంది. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. ఉప్పు చారులో పడిందో మజ్జిగలో పడిందో ఎవరూ ఒప్పుకోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, వందేళ్లు దాటినా ఈ పని మీదే ఉంది. పాపం, వాళ్లకు మా అవ్వ ఎదురుపడలేదు.

మొన్న ఎవరో కొండ మీది నుంచి లడ్డూ తెచ్చారు. 175 గ్రాముల మామూలు లడ్డూ. ఇక్కడ పిల్ల క్యాలరీల ఊసెత్తుతుంది, దొరికిపోతుంది అని అందరం కాచుకుని కూర్చున్నాం. ఆమె ఒక్క మాటా అనలేదు. కళ్లకద్దుకుని, చిదిపి, పదకొండు మందికి పంచి, మామ అరచేతిలో శనగగింజంత పెట్టింది. ఆయన చెయ్యి కిటికీ వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

"మైనర్ చదివితేనే ఇంత పెట్టినావు. మేజర్ చేసుంటే వాసన చూపించి పంపేదానివా?"