మాట తప్పిన చోట ఓపిక మొలవదు

వ్యక్తిత్వ వికాస క్లాసుకు ఒక్కసారైనా వెళ్లినవాళ్లకు మార్ష్‌మెల్లో కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి పెడతారు. మేం తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది కూడా ఇస్తామంటారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారట. కాబట్టి నిగ్రహం ఉన్నవాడే నెగ్గుతాడు, లేనివాడు అలవరచుకోవాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివర్లో మొదలుపెట్టిన ప్రయోగాలకు మన ట్రైనర్లు తేల్చిన సారం ఇది. నేనూ అలాంటి ఒక క్లాసులో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్నే. ఆ చప్పట్లు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ పిల్లలు ఎవరన్నది క్లాసులో ఎవరూ చెప్పలేదు. వాళ్లంతా యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ స్కూలు పిల్లలు, ఎక్కువమంది అక్కడ పాఠాలు చెప్పేవాళ్ల, చదువుకునేవాళ్ల బిడ్డలు. ఆ తర్వాత 2018లో టైలర్ వాట్స్ బృందం రకరకాల కుటుంబాలకు చెందిన 900 మందికి పైగా పిల్లల వివరాలతో ఇదే లెక్క మళ్లీ వేసింది. తల్లి చదువు, ఇంటి ఆదాయం, ఇంట్లో వాతావరణం లెక్కలోకి తీసుకోగానే, ఆగడానికీ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం చాలావరకు కరిగిపోయింది.

నన్ను అసలు కుదిపేసింది మాత్రం ఇంకో ప్రయోగం. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు వయసులో ఉండగా నిరాశ్రయుల శిబిరంలో వాలంటీరుగా పనిచేసింది. అక్కడి పిల్లలైతే ఆ మిఠాయిని క్షణం కూడా ఆగకుండా నోట్లో వేసుకుంటారని ఆమెకు అనిపించింది. వాళ్లకు ఓపిక లేక అలా చేస్తారా, లేక రెండో మిఠాయి వస్తుందన్న నమ్మకం లేకా?

ఇది తేల్చడానికి ఆమె రోచెస్టర్ యూనివర్సిటీలో 28 మంది పిల్లల్ని తీసుకుని, మిఠాయి కంటే ముందు వాళ్లకు బొమ్మలు వేసే పని ఇచ్చింది. బల్ల మీద వాడేసిన క్రేయాన్లు కొన్ని ఉంటాయి. 'కాసేపు ఆగు, మంచివి తెస్తాను' అని ఒక పెద్దమనిషి బయటికి వెళ్తారు. సగంమంది పిల్లలకు నిజంగానే తెచ్చి ఇచ్చారు. మిగతా సగానికి మాత్రం 'సారీ, ఉన్నాయనుకున్నాను, లేవు, వీటితోనే వేసుకో' అని ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. తర్వాత స్టిక్కర్ల విషయంలోనూ మళ్లీ అదే తంతు. మిఠాయి వచ్చింది ఆ తర్వాతే. మాట నిలబెట్టుకున్న మనిషి ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ఎదుట 3 నిమిషాలు. పూర్తిగా పావుగంట ఆగినవాళ్లు అక్కడ 14 మందిలో 9 మంది, ఇక్కడ 14 మందిలో ఒక్కరు.

రెండు చిన్న మాటలు తప్పితేనే ఇంత తేడా వచ్చింది. అద్దె కట్టలేక ఏడాదికో ఇల్లు మారే కుటుంబంలో, జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో, 'వచ్చే నెల కొంటాలే' అన్న మాట ఎన్నిసార్లు తప్పుతుందో ఊహించుకోండి. ఆ తల్లిదండ్రులు అబద్ధాలకోరులు కారు, మాట నిలబెట్టుకునే స్తోమత లేనివాళ్లు. అక్కడ పెరిగే పిల్లాడు దొరికింది దొరికినట్టే తినేస్తే అది తెలివితక్కువతనం ఎలా అవుతుంది? తనకు తెలిసిన లోకానికి సరిపడా తెలివే అది.

సంస్కృతి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కామెరూన్‌లోని న్సో తెగ పిల్లలకూ జర్మనీ పిల్లలకూ ఇదే పరీక్ష పెడితే, న్సో పిల్లల్లో దాదాపు 70 శాతం మంది చివరిదాకా ఆగారు, జర్మనీ పిల్లల్లో 30 శాతం లోపే. న్సో పిల్లలు కొందరైతే ఎదురుచూస్తూ నిద్రపోయారు కూడా! వ్యవసాయం చేసుకునే ఆ తల్లులు పసితనం నుంచే అదుపు నేర్పుతారు. డబ్బున్న దేశం అంటే ఓపికున్న దేశమనుకునేవాళ్లు ఈ లెక్క దగ్గర కాసేపు ఆగితే మంచిది.

విత్తు ఒకటి నాటితే చెట్టు ఒకటి మొలుస్తుందా అని అడిగేవాళ్లు ఉంటారు. పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల మీద మిన్నెసోటాలో జరిగిన అధ్యయనం, ఐక్యూ తేడాల్లో 70 శాతం వరకు వంశపారంపర్యమేనంది. కాదనను. కానీ 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం పేద కుటుంబాల్లోని కవలల్ని విడిగా చూస్తే, అక్కడ వంశపారంపర్యం వాటా దాదాపు సున్నాకు పడిపోయింది. విత్తు సత్తా కనబడాలన్నా ముందు నీళ్లు పడాలి కదా.

పరిసరాలు మారిస్తే ఏమవుతుందో అమెరికాలో చేసి చూశారు. 1994, 1998 మధ్య అయిదు నగరాల్లో లాటరీ వేసి, కటిక పేద వాడల్లోని కుటుంబాలు కొన్నింటికి మెరుగైన వాడలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. 13 ఏళ్లు నిండకముందే మారిన పిల్లలు పాతికేళ్లు వచ్చేసరికి, మారని పిల్లలకంటే సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం లెక్కతేల్చింది. టీనేజిలో మారినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మనం పిల్లల్ని వంచడానికే వాడుకున్నాం. మొక్కగా ఉన్నప్పుడే మంచి మట్టిలోకి మార్చాలన్న అర్థం కూడా అందులో ఉంది.

అందుకే నాకు 'స్వయంకృషితో ఎదిగాను' అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. కృషి లేదని కాదు. ఆ మాట చెప్పేవాళ్ల కథను కాస్త కదిపితే, ఫీజు కట్టిన మేనమామో, పుస్తకాలిచ్చిన టీచరో, చెప్పిన టైముకు ఇంటికొచ్చే నాన్నో బయటపడతారు. వాళ్లను కథలోంచి తీసేశాక మిగిలేదే 'ఆటిట్యూడ్'. దాన్ని ఫీజు తీసుకుని క్లాసుల్లో అమ్ముతారు. కంపెనీలు దాన్నే ఉద్యోగుల మీదకు విసురుతాయి: టెన్షన్ ఎక్కువైందా, నీ మైండ్‌సెట్ మార్చుకో. పని గంటలు మారవు, జీతం మారదు, మనిషే మారాలి. ప్రభుత్వాలకూ ఇది హాయిగా ఉంటుంది. బడి బాగుచేయడానికి ఖర్చవుతుంది, పిల్లాడికి బద్ధకం అనడానికి పైసా అక్కర్లేదు.

మాట తప్పిన మనిషి ఎదుట కూర్చున్న ఆ 14 మందిలో ఒకరు మాత్రం పావుగంటా ఆగారు. వేదిక మీదకు పిలిచి దండ వేసేది ఆ ఒక్కరికే. మిగతా 13 మందికి ఇస్తామన్న స్టిక్కర్లు ఎందుకు ఇవ్వలేదని అడిగిన ట్రైనర్ నాకింతవరకు తగల్లేదు.