లాభం పిల్లది, పులిహోర అమ్మది

మా అమ్మాయి పదకొండో తరగతిలో కామర్స్ తీసుకుందని తెలిసిన రోజు విజయవాడ నుంచి మా పెద్దక్క ఫోన్ చేసింది. మనవాళ్ళలో పిల్లలకి ఉన్న గ్రూపులు మూడే: ఎంపీసీ, బైపీసీ, పరామర్శ. మూడోది తీసుకున్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడాలి.

"ఏరా, పిల్లకి మార్కులు తగ్గాయా?" అంది.

తగ్గలేదక్కా, తనే కావాలని తీసుకుంది అన్నాను. దాంతో ఆవిడ టెన్షన్ రెట్టింపయింది.

"ఇంతకీ ఏం చదువుతుందట?"

"బిజినెస్ స్టడీస్. మేనేజ్‌మెంట్ సూత్రాలూ అవీ."

అక్క కాసేపు ఆలోచించింది. "మేనేజ్‌మెంట్ చదవడం దేనికిరా, మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగ్ సీటు కొనెయ్యక?" అంది.

ఇరవై ఏళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మారతహళ్ళిలో ఉంటున్నవాణ్ణి. వ్యాపారం గురించి నేను చదువుకున్నది ఒక్క వాక్యమే. మా ఊరి కిరాణా కొట్టులో, లక్ష్మీదేవి పటం కింద, అట్టముక్క మీద రాసి ఉండేది: నేడు నగదు – రేపు అరువు. అంతకు మించి తెలియదు కాబట్టి పిల్ల పుస్తకాలు నేనూ తిరగేయడం మొదలుపెట్టాను. ఇప్పుడది పన్నెండులో ఉంది. రెండేళ్ళ పరిశీలన తర్వాత తల్లిదండ్రుల తరఫున బాధ్యతగా చెప్తున్నాను. బడుల్లో వ్యాపారం సరిగ్గా నేర్పడం లేదన్న విమర్శలో పస లేదు. అవసరమైనదానికంటే సరిగ్గా నేర్పుతున్నారు.

ముందు సిలబస్ సంగతి. హెన్రీ ఫేయోల్ అని ఫ్రాన్సులో ఒక గనుల ఇంజనీరు. 1888లో మునిగిపోతున్న కంపెనీ పగ్గాలు పట్టుకుని ఒడ్డుకి చేర్చాడు. ఆ అనుభవమంతా 1916లో పుస్తకంగా వేశాడు. అందులోవే 14 సూత్రాలు. బొగ్గు తవ్వేవాళ్ళని చూసి రాసినవాటిని నూరేళ్ళ తర్వాత సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో, స్కూలు బస్సులో, మొదటి అక్షరాలు కలిపి పాటలా బట్టీ పడుతున్నారు. ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనది, ఒక మనిషికి ఒకే పైఅధికారి ఉండాలని. తిరగేస్తే అదే చాప్టర్లో అమెరికా నుంచి టేలర్ గారు. 1911లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన లెక్కలో ఒక పనివాడి మీద 8 మంది ఫోర్‌మెన్ ఉండాలి. ఒకరు వేగం చూడాలి, ఒకరు మరమ్మతు, ఒకరు క్రమశిక్షణ, అలాగ.

ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని మా అమ్మాయిని అడిగాను.

"ఎన్ని మార్కుల ప్రశ్న నాన్నా?" అంది.

ఆ జవాబు విన్నాక దాని భవిష్యత్తు మీద నాకు బెంగ పోయింది. ఏ కంపెనీలోనైనా బతికేస్తుంది.

కేస్ స్టడీలు మరీ బాగుంటాయి. ఎవరో రాకేష్‌కి ఫ్యాక్టరీ ఉంటుంది. అందులో ఒక ఉద్యోగికి ఇద్దరు మేనేజర్లు రెండు రకాల ఆదేశాలిస్తారు. ఏ సూత్రం ఉల్లంఘన జరిగింది, ఆ వాక్యం ఎత్తి రాయుము. పిల్లలు రాకేష్ బాధ చదవరు. ‘ఇద్దరు’ అనే మాట ఎక్కడుందో వెతికి, దాని కింద గీత గీసి, వాక్యాన్ని దించేస్తారు. మార్కులు పూర్తిగా పడతాయి. రాకేష్ ఫ్యాక్టరీ ఏమైందని ఇంతవరకూ ఏ విద్యార్థీ అడిగిన దాఖలా లేదు. నేను పనిచేసిన చోట్ల కన్సల్టెంట్లు వచ్చి చేసి వెళ్ళిందీ ఇదే. ఫీజులో తేడా, అంతే.

ఈ సబ్జెక్టులో థియరీకి 80, ప్రాజెక్టుకి 20 మార్కులు. పిల్లల్ని నిజమైన బజారుతో పరిచయం చేసేది ఆ 20 మార్కులే. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది, అంటే మన వేరుశెనగల తిరునాళ్ళు. దొడ్డ బసవన్న గుడి వీధంతా కాయలు కుప్పలు పోసి ఉంటాయి. పూర్వం అక్కడి పంటని రోజూ ఒక ఎద్దు మేసేస్తుంటే రైతులు దెబ్బ వేయబోయారట, అది రాయైపోయిందట. అప్పటి నుంచి తొలి పంటలో దానికే వాటా. నష్టం చేసినవాణ్ణే వాటాదారుగా చేర్చుకున్న ఈ ఒప్పందం మీద పాఠ్యపుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మార్కెటింగ్ ప్రాజెక్టు కోసం మా అమ్మాయి ఆ వీధిలోకి అట్ట, పెన్ను, 20 ప్రశ్నల కాగితం పట్టుకుని దిగింది. బ్యాగు మోసే హోదాలో నేనూ వెళ్ళాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కుప్ప దగ్గర కూర్చుని ఉంది. అట్టని చూడగానే అంది, "ఏం పాపా, రాసుకొనేకి వచ్చినావా, కొనేకి వచ్చినావా?"

మార్కెటింగ్‌కి నాలుగు ‘పీ’లు. 1960లో మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ పేర్చిపెట్టాడు: ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. మా పిల్ల వాటిని తెలుగులోకి దించి వరసగా అడిగింది.

మీ ఉత్పత్తి ఏమిటి?

"కనపడలా? పచ్చివి, ఏంచినవి, ఉడకబెట్టినవి."

ధర ఎలా నిర్ణయిస్తారు?

"నువ్వడిగితే ఒకటి. మీ నాయన అడిగితే ఇంకొకటి."

ఈ స్థలాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

"పోలీసాయన లేపేదాకా ఇదే నా జాగా."

ప్రచారానికి ఏం చేస్తారు? దీనికి మాత్రం ఆవిడ నోరు విప్పలేదు. నాలుగు శెనక్కాయలు తీసి పిల్ల చేతిలో పోసింది. అది ఒలిచి నోట్లో వేసుకుంది. నేను జేబులో చెయ్యి పెట్టాను. రెండు సేర్లు కొలిచి, కొసరు ఒక గుప్పెడు పోసి, చిల్లర ఇచ్చేదాకా ఆవిడ అట్ట వంక మళ్ళీ చూడలేదు.

మా అమ్మాయి జవాబులన్నీ ఆవిడ చెప్పినట్టే ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. ‘పాఠ్యపుస్తకం భాషలో రాయుము’ అని ఎర్ర ఇంకుతో కాగితం తిరిగొచ్చింది. పోలీసాయన ‘బాహ్య వ్యాపార వాతావరణం’ అయ్యాడు. గుప్పెడు కొసరు ‘అమ్మకాల ప్రోత్సాహక చర్య’ అయింది. నేను లేను. నాలుగు పీలలో జేబుకి చోటు లేదట.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. బిజినెస్ డే. ప్రతి ఏడూ బడి మైదానంలో పిల్లలు స్టాళ్ళు పెట్టి సరుకు అమ్మాలి. మా అమ్మాయి జట్టులో నలుగురు. మొదటి సమావేశం మా హాల్లో జరిగింది. పేరు మీద గంట, లోగో మీద రెండు గంటలు, ఐదేళ్ళలో ఎన్ని ఊళ్ళకి విస్తరించాలనే దాని మీద ఇంకో గంట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ నలుగురిలో ఒకరు సీఈఓ, ఒకరు సీఎఫ్ఓ, ఒకరు మార్కెటింగ్ హెడ్, మిగిలిన పిల్లవాడు బ్రాండ్ అంబాసిడర్. అమ్మే సరుకు పులిహోర అని తేలింది. పులిహోర కలిపే పదవి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీని ఎలా భర్తీ చేశారో స్టాఫింగ్ చాప్టర్లో వెతికాను, దొరకలేదు. ప్రకటన వేయలేదు, ఇంటర్వ్యూ జరగలేదు. సీఈఓ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా" అంది, అంతే.

మా ఆవిడ ఆ రోజు సెలవు పెట్టి, తెల్లవారుజామున 4:30కి లేచి చింతపండు పిసికింది. మాస్లో అనే ఆయన 1943లో మనిషి అవసరాలని ఐదు మెట్లుగా పేర్చాడు. అన్నిటికంటే కింద ఆకలి, పైన ఆత్మ సాక్షాత్కారం. పోపు వేగుతున్నప్పుడు మా ఆవిడ ఏ మెట్టు మీద ఉందని అడగబోయి, మొహం చూసి మానేశాను.

మైదానంలో టేబుల్ అద్దె 1,500 రూపాయలు. లోపల నగదు చెల్లదు, గేటు దగ్గర కూపన్లు కొనాలి. పుస్తకం 500. మిగిలిన కూపన్లు వాపసు తీసుకోరు. పిల్లలు అమ్మినా మానినా అద్దె అద్దే, మేము తిన్నా మానినా కూపను కూపనే. ఆ రోజు మైదానంలో నలభైకి పైగా స్టాళ్ళున్నాయి. వ్యాపారం చేసినవాళ్ళు మాత్రం ఒక్కరే. వాళ్ళు ఎండలో కూడా నిలబడలేదు.

నా దగ్గర 140 రూపాయల కూపన్లు మిగిలాయి. వినియోగదారుడికి ఆరు హక్కులున్నాయని నాకు చదివి వినిపించింది మా అమ్మాయే. 1986 చట్టం పోయి 2019 చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా ఉండదు. ఆ ధైర్యంతో కౌంటర్ వైపు నడిచాను. ‘తన గోడు వినిపించుకునే హక్కు’ని వాడుకుందామని. పిల్ల చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"నాన్నా, ప్లీజ్. పరువు తియ్యకు."

ఆరు హక్కులకీ పిల్లల పరువు అనే మినహాయింపు ఉందని చట్టం రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

పులిహోర మొత్తం అమ్ముడైపోయింది. కప్పు 50 చొప్పున 80 కప్పులు. కొన్నవాళ్ళలో సగం పైగా ఆ నలుగురి తల్లిదండ్రులూ, మా అపార్ట్‌మెంటు జనమూను. పక్కింటి కన్నడ ఆయన మూడు కప్పులు తిని, వచ్చే ఆదివారం వాళ్ళబ్బాయి స్టాలుందని గుర్తుచేశాడు. అది కూడా వ్యాపారమే. పెళ్ళిళ్ళలో చదివింపులు ఇలాగే నడుస్తాయి.

రాత్రి లెక్కలు తేలాయి. అమ్మకాలు 4,000. ఖర్చులు: అద్దె 1,500, కప్పులూ చెంచాలూ 400, పోస్టరు 250. నికర లాభం 1,850. సీఎఫ్ఓ చప్పట్లు కొట్టింది. బియ్యం, చింతపండు, నూనె, వేరుశెనగ గుళ్ళు, గ్యాసు ఏవీ అని అడిగాను. అవి ఇంట్లో ఉన్నవే కదా అంకుల్ అన్నారు. డేగిసాలు మోసిన క్యాబు? అది మీ ఫోన్లో బుక్కయింది కదా. ఆవిడ సెలవు? నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినా ఎంతోకొంత పుణ్యం అత్తకీ దక్కుతుందేమో. ఇక్కడ అదీ లేదు.

ఇదేదో పిల్లల తప్పనుకుంటే పొరపాటు. పదకొండో తరగతి పుస్తకం తీసి చూశాను. హిందూ ఉమ్మడి కుటుంబ వ్యాపారం అని ఒక రకం ఉంది. అందులో సభ్యత్వం పుట్టుకతోనే వస్తుంది, మైనర్లైనా సరే. కుటుంబ పెద్దని కర్త అంటారు. మిగతావాళ్ళ బాధ్యత వాళ్ళ వాటా వరకే. కర్త బాధ్యతకి మాత్రం హద్దు లేదు, సొంత ఆస్తి కూడా అమ్ముకోవలసి రావచ్చు. నా స్థానం ఏమిటో ఆ పేజీలో స్పష్టంగా ఉంది. వంట చేసినవాళ్ళ గురించి అక్కడా ఏమీ లేదు.

నేనిచ్చిన పెట్టుబడి 3,000. అందులో ఖర్చులు 2,150 పోగా 850 మిగిలింది. అమ్మకాలు కలిపితే చేతిలో 4,850. ఆ వారాంతం నలుగురూ 2,900కి పిజ్జాలు తిన్నారు. ప్రాజెక్టు ఫైల్లో అది ఫేయోల్ 14వ సూత్రం కింద నమోదైంది: జట్టు స్ఫూర్తి. మిగిలిన 1,950 సీఈఓ దగ్గర ‘నిలవ లాభం’గా ఉంది. పరాయి సొమ్ముతో పిజ్జాలు తినడం మా బెంగళూరుకి కొత్త కాదని నన్ను నేను సముదాయించుకున్నాను. ఇక్కడే పుట్టిన బైజూస్ అనే కంపెనీ పిల్లలకి పాఠాలు చెప్తూనే 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ దాకా ఎగిరి, 2024 జూలైలో దివాలా చట్టం కింద విచారణకొచ్చింది. మావాళ్ళు 1,950 అయినా మిగిల్చారు.

ప్రాజెక్టుకి 20కి 19 వచ్చాయి. ‘ఎదురైన సవాళ్ళు’ అనే శీర్షిక కింద మరికొంత రాయవలసింది అని ఒక మార్కు తగ్గించారు. సవాళ్ళన్నీ మా ఇంట్లో ఎదురయ్యాయి మరి, పిల్లలేం రాస్తారు.

మార్కులు వచ్చిన సంతోషంలో ఉండగా అదను చూసి, భోజనాల దగ్గర కదిపాను. "అమ్మా, నా మూడు వేలు ఎప్పుడిస్తావు?"

"అది అప్పు కాదు నాన్నా, ఈక్విటీ" అంది, పెరుగు కలుపుకుంటూ. "వాటాదారులకి కంపెనీ ఉన్నంతకాలం అసలు తిరిగివ్వక్కర్లేదు. డివిడెండ్ కూడా బోర్డు ఇష్టం."

"అయితే నాకు ఓటుంటుందిగా. ఇకమీదట స్టాలు వద్దని ఓటేస్తున్నాను."

"ఒక్క ఓటే కదా. మేం నలుగురం."

మా ఆవిడ ఏమీ అనలేదు. గిన్నెలు సర్దేసి వెళ్ళి పడుకుంది. మర్నాడు పొద్దున డికాషన్ కోసం వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ తలుపు మీద, తిరుపతి మాగ్నెట్ కింద ఒక కాగితం ఉంది. ఆవిడ చేతిరాతే.

నేడు నగదు – రేపు అరువు.

పక్కన పులిహోర రేటు కూడా వేసింది, కిలోల లెక్కన.